పంచకల్యాణికి రంగు వేయాలంటే

బొమ్మ గుర్రానికి తెల్ల రంగు వేసినవాడి పనితనం మూతి దగ్గర బయటపడుతుంది. ఒళ్ళంతా సున్నం తెలుపు, మూతికి గులాబీ రంగు. చాలామంది వేసేది ఇలాగే. పందెపు మైదానంలో తెల్లవని మనం అనుకునే గుర్రాల్లో ఎక్కువ వాటికి మూతి, కనురెప్పలు, తోక కింది చర్మం నల్లగా ఉంటాయి. అవి తెల్లగా పుట్టలేదు. నల్లగానో ఎర్రగానో పుట్టి, ఏటేటా కొంచెం కొంచెంగా వెంట్రుక నెరుస్తూ, ఆరేడేళ్ళు వచ్చేసరికి తెల్లబడ్డాయి. చర్మం మాత్రం పుట్టినప్పటి నలుపే. ఎస్‌టీఎక్స్17 అనే జన్యువులో ఒక ముక్క రెండుసార్లు ఉండటం వల్ల ఇలా జరుగుతుందని 2008లో పరిశోధకులు తేల్చారు. వాళ్ళు పరీక్షించిన నెరిసే గుర్రాలన్నిటిలో ఆ మార్పే కనిపించింది. అంటే వేల ఏళ్ళ కిందట ఏదో ఒక్క గుర్రంలో మొదలైన మార్పును, తెలుపు మీద మోజుపడ్డ మనుషులు ఏరికోరి ఈనాటిదాకా పెంచుకుంటూ వచ్చారన్నమాట. పెళ్ళి ఊరేగింపుల్లో వరుణ్ణి ఎక్కించే నుక్రా గుర్రాల సంగతి వేరు. వాటి చర్మమే గులాబీ రంగు. కాబట్టి తెల్ల డబ్బా మూత తీసేముందు ఇది ఏ తెలుపో తేల్చుకోవాలి.

ఇంత చిన్న సంగతి మీద గంటల తరబడి వాదించుకునే మనుషులు ప్రపంచంలో చాలామందే ఉన్నారు. 1950లో షికాగోలోని బ్రేయర్ మోల్డింగ్ కంపెనీ ఒక గడియారాల తయారీదారు కోసం ప్లాస్టిక్ గుర్రాన్ని పోతపోసింది. గడియారం పక్కన అలంకారంగా నిలబెట్టడానికి చేసిన గుర్రం అది. జనం గడియారాన్ని వదిలేసి గుర్రం కావాలన్నారు. అక్కడి నుంచి బ్రేయర్ వృత్తే మారిపోయింది. 1990 నుంచి కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో ఈ బొమ్మల కోసం ఏటా ఒక తిరునాళ్ళ జరుగుతోంది, పేరు బ్రేయర్‌ఫెస్ట్. కొన్న బొమ్మను కొన్నట్టే అలమరాలో పెట్టుకునేవాళ్ళు కొందరు. అసలు పిచ్చి ఉన్నవాళ్ళు దాని రంగు గీకేస్తారు, వేడి చేసి కాలు వంచుతారు, మెడ కోసి తిప్పి అతికిస్తారు, లప్పంతో కొత్త జూలు పెడతారు, పొరలు పొరలుగా రంగు వేస్తారు. చివర్న పేరు పెడతారు. కొందరు తల్లీతండ్రీ ఎవరో కూడా రాసిపెడతారు. దీన్నే కస్టమ్ గుర్రం అంటారు.

ఆంధ్రప్రదేశ్‌లోని గొలుగొండ మండలంలో ఎవరికైనా ఈ సరదా పుడితే అమెరికా నుంచి ప్లాస్టిక్ తెప్పించుకోనక్కర్లేదు. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట ఈ మండలంలోదే కాబట్టి ఊరి పేరు చాలామంది వినే ఉంటారు. గొలుగొండ కొండల వైపు నుంచి దిగే వరాహ నది నర్సీపట్నం మీదుగా యలమంచిలి ప్రాంతానికి వచ్చి, ఏటికొప్పాకను ఒరుసుకుంటూ సముద్రానికి పోతుంది. ఏటికొప్పాక లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలతోనే నడిచింది, శకటాల పోటీలో మూడో స్థానం తెచ్చుకుంది. ఆ ఊళ్ళో గుర్రాలూ చేస్తారు. చూడటానికి ముద్దొచ్చే ఆ గుర్రాలను నిజం గుర్రాల రంగుశాస్త్రంతో కలిపి చూడటం ఎవరూ పెద్దగా చేయలేదు. కలిపి చూస్తే, లేత్ యంత్రానికీ గుర్రం కాలికీ మధ్య ఒక చక్కటి పొత్తు బయటపడుతుంది.

ముందు కర్ర సంగతి. ఏటికొప్పాక బొమ్మ అంకుడు కర్రతో చేస్తారు. వృక్షశాస్త్రంలో దాని పేరు రైటియా టింక్టోరియా. తెల్లటి, మెత్తటి, సన్నటి పోగు ఉన్న కర్ర. ఉలి తగిలితే పెచ్చులు లేవదు, ముళ్ళు దేలదు. దీని ఆకుల నుంచి ఒకప్పుడు నీలి రంగు కూడా తీసేవారు. ఒకే చెట్టు బొమ్మకు ఒళ్ళూ ఇవ్వగలదు, రంగూ ఇవ్వగలదు. కోసిన కర్రను నెలల తరబడి ఆరబెట్టాకే లేత్‌కు ఎక్కిస్తారు. పచ్చి కర్ర ఆరేటప్పుడు చుట్టుకొలత వైపు ఎక్కువ, నిలువునా చాలా తక్కువ కుంచించుకుపోతుంది. ఆ తేడా వల్ల పగులుతుంది. తొందరపడి పచ్చి కర్రతో గుర్రం చేస్తే ఎండాకాలానికి పొట్ట చీలుతుంది.

తిరిగే కర్ర మీద ఉలి ఎన్ని వయ్యారాలు పోయినా వచ్చేది గుండ్రటి ఆకారమే. అందుకే ఏటికొప్పాక గుర్రానికి ఒళ్ళు పీపా, మెడ కొన తెగ్గోసిన శంకువు, కాళ్ళు నాలుగు కడ్డీలు. విడివిడిగా తిప్పి, రంధ్రాలు చేసి బిగిస్తారు. బలం విషయంలో ఈ పద్ధతిది తెలివైన దారి. కర్ర పోగు వెంబడి గట్టిది, పోగుకు అడ్డంగా బలహీనం. ఒకే దుంగలో గుర్రాన్ని మొత్తం చెక్కితే, ఒంటి వెంబడి పోగు అడ్డంగా పరుచుకుని ఉంటుంది, నిలువు కాళ్ళలో ఆ పోగు కాలికి అడ్డం పడుతుంది. చిన్న దెబ్బకే కాలు పుటుక్కుమంటుంది. విడిగా తిప్పిన కాలిలో పోగు నిలువునా ఉంటుంది. కొండపల్లి వాళ్ళు తెల్లపొణికి కర్రతో కాళ్ళూ చేతులూ వేరేగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతకడంలోనూ ఈ లాభం ఉంది.

బరువు లెక్క ఇంకా తమాషాగా ఉంటుంది. బ్రేయర్ పెద్ద గుర్రాలు అసలు గుర్రంలో దాదాపు తొమ్మిదో వంతు ఎత్తు ఉంటాయి. అసలు గుర్రం 500 కిలోలు తూగితే, పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తొమ్మిదో వంతుకు తగ్గినప్పుడు బరువు 729వ వంతుకు, అంటే సుమారు 700 గ్రాములకు పడిపోతుంది. కాలి అడ్డుకోత వైశాల్యం మీద లెక్కించే బలం మాత్రం 81వ వంతుకే తగ్గుతుంది. కాబట్టి కాలి మీద పడే ఒత్తిడి అసలు గుర్రానికి ఉన్నదాన్లో తొమ్మిదో వంతే. సన్న కాళ్ళు పెట్టడానికి భయపడనక్కర్లేదు. అసలు గుర్రం మోకాలి కింద కండ దాదాపు ఉండదు, ఎముక, స్నాయువు, చర్మం అంతే. బొమ్మలు చేసేవాళ్ళు అక్కడ లావు పెట్టి గుర్రాన్ని ఎద్దు చేస్తుంటారు.

ఇక లక్క. కెర్రియా లక్కా అనే చిన్న పురుగు మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మల రసం పీల్చి, ఒంటి చుట్టూ స్రవించుకునే జిగురు ఇది. లక్కను నిప్పుల సెగ మీద మెత్తబరిచి, రంగు కలిపి, లాగి, మడిచి, మళ్ళీ లాగి కడ్డీలు చేస్తారు. తిరుగుతున్న బొమ్మకు ఆ కడ్డీని ఒత్తితే రాపిడి వేడికి కొన కరిగి కర్రకు అంటుతుంది. డెబ్భై డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల లక్క మెత్తబడుతుంది. కడ్డీ తీసేసిన కొద్ది క్షణాల్లో చల్లారి గట్టిపడుతుంది. పెయింటు లాగా గాలికి ఆరాల్సిన పని లేదు. పైన మొగలి ఆకు ఒత్తి పట్టుకుంటే లక్క పలచగా సర్దుకుని మెరుపు తేలుతుంది. గుర్రం ఒంటి మీది నిగనిగను ఏ వార్నిషూ ఇంత బాగా తేలేదని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త చాలు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. చేతులకు రాసుకునే శానిటైజరుతో బొమ్మను తుడిచారంటే రంగంతా గుడ్డకు వస్తుంది.

ఇప్పుడు పొత్తు దగ్గరికి. లేత్ మీద తేలిగ్గా వచ్చే అలంకారం వలయం. చుక్క కష్టం, మచ్చ కష్టం, చుట్టూ తిరిగే పట్టీ మాత్రం కడ్డీ తాకిస్తే చాలు. గుర్రాల కాళ్ళ మీద ప్రకృతి వేసే గుర్తులు చాలావరకు వలయాలే. గిట్ట పైన తెల్ల పట్టీ, చీలమండ దాకా తెలుపు, మోకాలి దాకా తెలుపు, లేదా మోకాలి నుంచి కిందికి నలుపు. లేత్ దగ్గర కూర్చున్న పనివాడు గుర్రం కాలికి దాదాపు ఉన్నదున్నట్టు రంగు వేయగలడు. ఒంటి మీద మచ్చలకే కుంచె పట్టాలి.

పంచకల్యాణినే తీసుకోండి. నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉన్న గుర్రం శుభమని మన అశ్వశాస్త్రాలు చెప్పాయి. జానపద సినిమాల్లో రాజకుమారుడికి అది తప్ప వేరే గుర్రం పనికిరాదు. సరిగ్గా ఆ ఐదు చోట్లే తెలుపు ఎందుకు? పిండం పెరిగేటప్పుడు రంగు కణాల పూర్వరూపాలు వెన్ను వెంబడి పుడతాయి. అక్కడి నుంచి రెండు పక్కలా కిందికి జరుగుతూ ఒళ్ళంతా పరుచుకుంటాయి. వెన్నుకు దూరంగా ఉన్న గిట్టల దగ్గరికీ, నుదుటి నడిమికీ, మూతికీ అవి ఆఖరున చేరతాయి. కిట్ వంటి జన్యువుల్లో మార్పు వల్ల కణాల సంఖ్య తగ్గినా, నడక మందగించినా, ఆ చివరి చోట్లకు రంగు అందదు. అందని చోట వెంట్రుక తెలుపు, దాని కింద చర్మం గులాబీ. తెలుపు గిట్ట దాకా దిగితే గిట్ట కూడా పాలిపోయిన రంగులో ఉంటుంది. మొదట్లో చెప్పిన నెరిసిన గుర్రంలో చర్మం నలుపు, ఇక్కడ తెల్ల మచ్చ కింద చర్మం గులాబీ. రెండు తెలుపులకూ కారణాలు వేరు కాబట్టి మూతి రంగులూ వేరు. అంకుడు కర్రతో పంచకల్యాణి చేసేవాళ్ళకు ఇంకో సౌకర్యం ఉంది. కాలి చివర రంగులేని లక్క పూసి వదిలేస్తే కర్ర తెలుపే గుర్రం తెలుపవుతుంది.

మిగతా రంగులకు రెండే ముడిసరుకులు, నల్ల మెలనిన్, ఎర్ర మెలనిన్. ఎంసీ1ఆర్ జన్యువు పనిచేయకపోతే వెంట్రుకలో నలుపు తయారవదు. ఒళ్ళు, జూలు, తోక, కాళ్ళు అన్నీ ఎరుపు ఛాయలే. దీన్ని పందేలవాళ్ళు చెస్ట్‌నట్ అంటారు. ఆ జన్యువు పనిచేస్తూ, అగౌటి అనే మరో జన్యువు నలుపును చివర్లకు పరిమితం చేస్తే వచ్చేది బే. ఎర్ర ఒళ్ళు, నల్ల జూలు, నల్ల తోక, మోకాళ్ళ కింద నలుపు, చెవుల అంచున నల్ల గీత. అగౌటి చెడిపోతే గుర్రం మొత్తం నలుపు. ఈ మూడే పునాది. మీద క్రీమ్ అనే జన్యువు ఒక్క మోతాదు పడితే ఎర్ర మెలనిన్ పలచబడుతుంది. చెస్ట్‌నట్ బంగారు ఒళ్ళూ తెల్ల జూలూ ఉన్న పాలొమినో అవుతుంది. బే పలచబడి పసుపు ఒళ్ళూ నల్ల కాళ్ళూ ఉన్న బక్‌స్కిన్ అవుతుంది. రెండు మోతాదులు పడితే ఒళ్ళంతా మీగడ రంగు, కళ్ళు నీలం.

బొమ్మ చేసేవాడికి ఇందులోంచి దొరికే నియమం ఒకటుంది. జూలు, తోక, కాళ్ళు ఒక జట్టు. ఎర్ర ఒంటికి నల్ల జూలు పెట్టాలనిపిస్తే కాళ్ళకూ నలుపు వేయాలి. తెల్ల పట్టీలు ఆ నలుపును కొంత కప్పవచ్చు, అది వేరే సంగతి. ఎర్ర కాళ్ళతో నల్ల జూలు గుర్రం బజారు బొమ్మల్లో కొల్లలుగా దొరుకుతుంది, లాయంలో దొరకదు. లేత్ మీద బే కాలు వేయడం సరదా పని. ఎర్ర లక్క, నల్ల లక్క కలిసేచోట మొగలి ఆకు కాస్త గట్టిగా ఒత్తితే ఒకటి ఇంకోదానిలోకి పాకుతుంది. అసలు గుర్రం మోకాలి దగ్గర కూడా హద్దు గీసినట్టు ఉండదు, అలాగే పాకి ఉంటుంది.

చుక్కల గుర్రం కావాలంటే కుంచె తప్పదు. ఫ్రాన్స్‌లోని పెష్ మెర్ల్ గుహలో దాదాపు 25,000 ఏళ్ళ కిందట ఎవరో తెల్ల గుర్రాల ఒంటి నిండా నల్ల చుక్కలు వేశారు. అది చిత్రకారుడి ఊహేనని, ఏదో పూజకు సంబంధించిందని చాలాకాలం రాశారు. 2011లో పురాతన గుర్రాల ఎముకల్లోని డీఎన్‌ఏ పరీక్షిస్తే, చుక్కలు తెచ్చే జన్యు మార్పు ఆ కాలపు గుర్రాల్లో కొన్నిటికి నిజంగానే ఉందని తేలింది. అతను చూసిందే వేశాడనుకోవడానికి ఇప్పుడు ఆధారం ఉంది. అదే మార్పు రెండు మోతాదులుగా ఉన్న గుర్రాలకు రాత్రిపూట చూపు ఆనదు.

నిలబడే తీరు గురించి రెండు మాటలు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్ళూ ముందుకూ వెనక్కూ చాపి గాలిలో తేలుతుందని శతాబ్దాల పాటు చిత్రకారులు వేస్తూ వచ్చారు. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో తీసిన ఫొటోలు ఆ బొమ్మలన్నీ తప్పని ఒక్క దెబ్బతో తేల్చేశాయి. నాలుగు కాళ్ళూ నేల వదిలేది అవి కడుపు కిందికి ముడుచుకున్నప్పుడు. దౌడు గుర్రం చేయాలంటే కింద కడ్డీ ఊతం ఇవ్వాల్సిందే. ఊతం లేకుండా కదలిక కావాలనుకుంటే నడక మేలు. నడకలో మూడు గిట్టలు నేల మీద ఉండే క్షణాలుంటాయి, మూడు బిందువులుంటే బొమ్మ నిలుస్తుంది.

రంగులు ఎక్కడివి? ఏటికొప్పాకలో రసాయన రంగులు పెరిగిపోయిన రోజుల్లో మొక్కల రంగులను వెనక్కి తెచ్చినవారు సి.వి.రాజు. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పసుపు, జాఫ్రా గింజలు, కరక్కాయ, నీలి ఆ మొక్కల రంగుల పెట్టెలో ఉంటాయి. గుర్రాలకు ఇవి చక్కగా సరిపోతాయి, ఎందుకంటే గుర్రాల్లో ఉన్నవన్నీ మట్టికీ ఆకుకీ దగ్గరి రంగులే. జాఫ్రాతో ఎరుపు నారింజ, దానికి కాస్త నలుపు కలిస్తే చెస్ట్‌నట్ దరిదాపులకు వస్తుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిస్తే నలుపు. పాతకాలపు సిరా నలుపూ ఈ జాతిదే. పాలొమినోకు పసుపు పనికొస్తుంది గానీ దాన్లోని కుర్కుమిన్ ఎండకు నిలవదు. పసుపు వేసిన గుర్రాన్ని కిటికీలో పెడితే కొన్నాళ్ళకు క్రీమ్ జన్యువు రెండో మోతాదు పడినట్టు వెలిసిపోతుంది. పిల్లల చేతికిచ్చే బొమ్మకు, సీసం ఉందో లేదో తెలియని రంగు కంటే వెలిసే పసుపే నయం.

చివరిది పేరు, కస్టమ్ గుర్రాలవాళ్ళు అన్నిటికంటే ఎక్కువ మురిసేది దీనికే. నిజం పందెపు గుర్రాలకు పేరు ఇంగ్లిషు లిపిలో, ఖాళీలతో కలిపి 18 అక్షరాలు దాటకూడదని నియమం ఉంది. బొమ్మకు ఆ పీడ లేదు. మనకు పేర్ల కరువూ లేదు. కృష్ణుడి రథానికి శైబ్యం, సుగ్రీవం, మేఘపుష్పం, వలాహకం. సిద్ధార్థుణ్ణి ఇల్లు దాటించిన కంథకాన్ని అమరావతి శిల్పులు సున్నపురాతి మీద చెక్కారు. ఒక్క చెవి మాత్రమే నల్లగా ఉన్న తెల్ల గుర్రాలు ఎనిమిది వందలు కావాలని గాలవుణ్ణి విశ్వామిత్రుడు అడిగిన కథ భారతంలో ఉంది. గుర్రం కొనబోయి రంగు మీద పట్టుబట్టేవాళ్ళు కొత్తేమీ కాదు.

వీటన్నిటికంటే నాకు నచ్చిన పేర్లు 12వ శతాబ్దపు హేమచంద్రుడి అభిధాన చింతామణిలో ఉన్నాయి. జైన పండితుడు రాసిన ఆ సంస్కృత నిఘంటువు గుర్రాలను రంగును బట్టి వరుసగా పేర్కొంటుంది. తెల్లది కర్కం. మచ్చలది హలాహం. కపిల వర్ణం ఒంటి మీద పాలిపోయిన జూలూ తోకా ఉంటే వోల్లాహం. కొద్దిగా పాలిపోయిన ఒళ్ళు, నల్ల పిక్కలు ఉంటే ఉరాహం. ఒంటి రంగు ఒక్కటే చూసి ఊరుకోలేదు. జూలు ఏమిటి, తోక ఏమిటి, పిక్క ఏమిటి అని కలిపి చూసి పేరు పెట్టారు. వోల్లాహం మనం పైన చూసిన పాలొమినోకు బాగా దగ్గర, ఉరాహం బక్‌స్కిన్‌కు దగ్గర. జన్యువుల ఊసు లేని రోజుల్లో, లాయంలో నిలబడి చూసిన కళ్ళు ఆ జట్టును పట్టుకున్నాయి.

బొమ్మకు వంశవృక్షం రాసేటప్పుడూ ఈ లెక్కే వర్తిస్తుంది. చెస్ట్‌నట్ తల్లికీ చెస్ట్‌నట్ తండ్రికీ నల్ల పిల్ల పుట్టదు. నెరిసే గుర్రానికి తల్లిదండ్రుల్లో ఒకరైనా నెరిసేది ఉండి తీరాలి. ఫ్రేమ్ అనే మచ్చల నమూనా ఉన్న రెంటిని జత చేశానని కాగితం మీద రాసుకునేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ జన్యువు రెండు మోతాదులు పడ్డ పిల్ల తెల్లగా పుట్టి, పేగు పనిచేయక కొద్దిరోజుల్లోనే చనిపోతుంది. కాగితం మీదైనా ఆ జత వద్దు.

సరదా ఉన్నవాళ్ళు నర్సీపట్నం నుంచి ఏటికొప్పాక వెళ్ళినప్పుడు రంగు వేయని గుర్రాన్ని అడిగి తెచ్చుకోండి. కాళ్ళు ఊడదీసి ఇస్తే ఇంకా మంచిది. మొదటి బొమ్మకు తెలుపు జోలికి పోకుండా బే రంగు ఎంచుకోండి, తప్పు చేసినా నల్ల కాళ్ళు కాపాడతాయి. పంచకల్యాణి రెండో బొమ్మకు. అంకుడు కర్ర ఇప్పుడు ఒకప్పటిలా దొరకడం లేదు. ఇంటి వెనక పొలం గట్టు ఉన్నవాళ్ళు ఒక అంకుడు మొక్క కూడా నాటండి.